గాలివానకు చెడిన గుట్టబాటను బాగుచేయడం: నీళ్లను దింపడం నుంచి గడ్డి మొలిపించే దాకా

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో లేచిన సుడిగాలికి నేలకొరిగిన చెట్లు 50 వేల దాకా ఉంటాయని అటవీ శాఖ తొలి అంచనా. దానికి పదమూడు నెలల ముందు, 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. గుట్టబాటకు తగిలే దెబ్బలు ఈ రెండు రకాలే. ఒకటి మీద పడేది, ఇంకోటి కింద నుంచి కోసుకుపోయేది. పడిన చెట్టు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అందరూ గొడ్డలి పట్టుకుని ముందు దాని మీదికే పోతారు. బాటను నిజంగా చంపేది మాత్రం నీళ్లే. వాగులోకి పోవాల్సిన నీళ్లు బాట ఎక్కి, బాటనే వాగు చేసుకుంటాయి. దుంగను పక్కకు తీయడం ఒక పూట పని. ఎక్కిన నీళ్లను దింపకుండా మట్టి పోసి, మెట్లు కట్టి వచ్చేస్తే వచ్చే జులైలో ఆ మట్టీ, ఆ మెట్లూ గుట్ట కిందే దొరుకుతాయి.

అందుకే ఈ మార్గదర్శిలో చెట్ల పని కొంచెమే, నీళ్ల పని, రాళ్ల పని ఎక్కువ. పాండవుల గుట్టల లాంటి ఇసుకరాతి గుట్టలు, హనుమకొండ, మడికొండ చుట్టూ ఉన్న గ్రానైటు బోడులు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి వాలులు ఒక్క తీరుగా ఉండవు. కొలతలు ఎక్కడ మారతాయో అక్కడే చెప్పుకుందాం.

కాగితం పని ముందు

ఏటూరునాగారం అభయారణ్యంలోనో, కవ్వాల్ పులుల అభయారణ్యంలోనో పని అంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. పడిపోయిన చెట్టు కూడా అడవిదే, ఒక్క కొమ్మ బయటికి రాకూడదు. రిజర్వు ఫారెస్టులోనూ అనుమతి లేకుండా రాయి తవ్వినా, మట్టి తీసినా అటవీ నేరమే. రేంజ్ ఆఫీసర్ ద్వారా డివిజనల్ ఆఫీసర్‌కు దరఖాస్తు పెట్టండి. అందులో బాట పొడవు, పని చేసే తేదీలు, మనుషుల సంఖ్య, రాయి ఎక్కడి నుంచి తీస్తారు, రంపం మిషన్ వాడతారా లేదా, ఇవన్నీ రాయాలి. రంపం సంగతి రాయకుండా మిషన్‌తో పోతే బీట్ ఆఫీసర్ ఆపేస్తాడు, ఆపడం న్యాయమే.

పాండవుల గుట్టల్లాగా ఆదిమానవుల బొమ్మలున్న చోట వారసత్వ శాఖను కూడా అడగాలి. బొమ్మలున్న బండ నీడలో పార దింపొద్దు, ఒక్క రాయీ కదపొద్దు. బాణం గుర్తులు పెయింటుతో బండల మీద వేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది మానుకోవాలి.

ఎప్పుడు చేయాలి

నవంబరు నుంచి జనవరి నెలాఖరు దాకా. అప్పటికి వాన ఆగి ఉంటుంది, నేలలో తేమ ఇంకా ఉంటుంది. తేమ ఉన్న మట్టి దిమ్మిసకు (మట్టిని కొట్టి గట్టిచేసే బరువైన పనిముట్టు) కుదురుతుంది. మార్చిలో పోసిన పొడి మట్టి ఎంత కొట్టినా పొడిగానే ఉండి మొదటి వానకు జారిపోతుంది. పైగా ఫిబ్రవరి నుంచి టేకు ఆకు రాలి అడవి మంటలకు సిద్ధంగా ఉంటుంది. గడ్డి, మొక్కల పని మాత్రం మృగశిర దాటి నేల నానిన తర్వాత, జూన్ చివర, జులైలో.

చూసి రావడం

మంచి పరిశీలన వాన పడుతుండగానే జరుగుతుంది. పిడుగుల వాన కాకుండా ముసురు పట్టిన రోజు చూసుకుని గొడుగేసుకుని నడవండి. అది కుదరకపోతే బిందెలో 15 లీటర్ల నీళ్లు మోసుకుపోయి, అనుమానం ఉన్న చోట బాట మధ్యలో మెల్లగా వంపండి. నీళ్లు రెండు మూడు అడుగుల్లోపే పక్కకు దిగిపోతే అక్కడ బాట బాగున్నట్టు. బాట వెంటే పది అడుగులు పారితే అక్కడే రోగం.

పై నుంచి కిందికి నడుస్తూ ప్రతి 10 మీటర్లకూ ఒక మాట రాసుకోండి: వాలు ఎంత, గాడి లోతు ఎంత, నీళ్లు ఎక్కడ ఎక్కుతున్నాయి, ఎక్కడ దిగగలవు. నీళ్లు ఎక్కే చోటు చాలాసార్లు దెబ్బ కనిపించే చోటుకు 30, 40 మీటర్ల పైన ఉంటుంది. గాడి పడిన చోట నిలబడి తల గోక్కునే వాళ్లంతా పైకి నడవని వాళ్లే.

వాలు కొలవడానికి యాప్ ఉన్నా, వాటర్‌షెడ్ పనుల్లో మన ఊళ్లలో వాడిన ఏ-ఫ్రేమే నమ్మకం. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, కింద కాళ్ల మధ్య దూరం సరిగ్గా 2 మీటర్లు ఉంచి, నడుమ అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. సమంగా ఉన్న నేల మీద పెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టి, కాళ్లు తిప్పి మళ్లీ గీత పెడితే రెండు గీతల నడిమి చోటే సమమట్టం. ఇక బాట మీద కింది కాలు కింద 10 సెంటీమీటర్ల చెక్క పెడితే దారం నడుమకు వచ్చిందా, వాలు 5 శాతం. 20 సెంటీమీటర్లు పడితే 10 శాతం. 30 పడితే 15.

బాట వాలు గుట్ట వాలులో సగానికి మించకూడదన్నది మొదటి సూత్రం. గుట్ట 20 శాతం వాలితే బాట 10 దాటొద్దు. దాటితే నీళ్లకు గుట్ట దిగడం కంటే బాట వెంట పారడమే సుఖం. గుట్టకు నిట్టనిలువుగా వేసిన పాతబాటలు, ముఖ్యంగా గుడి బాటలు, ఈ లెక్కలో తప్పినవే. వాటిని మట్టితో బాగుచేయలేం. వంకర తిప్పి కొత్తగా వేయాలి, లేదా రాతి మెట్లు కట్టాలి.

ఎనిమిది మందికి పనిముట్లు

గడ్డపారలు 3 (ఒకటి కనీసం అయిదడుగులది, రాయి లేపడానికి), పారలు 4, పికాసులు 2, సమ్మెట 1, చిన్న సుత్తెలు 2, గొడ్డలి 1, ఇద్దరు లాగే రంపం 1, కొమ్మల చేతిరంపాలు 2, కొడవళ్లు 2, తట్టలు 8, దిమ్మిస 1, 20 మీటర్ల మోకు 2, గట్టి వెదురు బొంగులు 4, టేపు, దారం, ఏ-ఫ్రేమ్. హెల్మెట్లు అందరికీ, తోలు చేతితొడుగులు అందరికీ, పాదం కప్పే బూట్లు అందరికీ. చెప్పులతో రాళ్ల పనికి వచ్చిన మనిషికి వంట పని ఇవ్వండి.

మనిషికి 4 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టు గుడ్డలు. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి రాత్రి ఉంటే దోమతెర. ఇసుకరాతి కొమ్ముల కింద పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి. పొగ, రంపం మిషన్ చప్పుడు వాటిని లేపుతాయి. పట్టు కనిపిస్తే ఆ భాగం పని వాయిదా వేయడమే.

పడిన చెట్లు

ముందు పైకి చూడాలి. ఇరుక్కుని వేలాడుతున్న కొమ్మ, పక్క చెట్టు మీదికి ఒరిగి ఆగిన మాను ఉంటే కింద పని చేయొద్దు. దాన్ని దింపడం నేర్చిన వాళ్ల పని. మిగతా వాళ్లు ఆ చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి.

నేల మీద పడిన దుంగ ఎటు బిగిసి ఉందో చూడకుండా రంపం పెట్టకండి. రెండు చివర్లూ ఆనుకుని నడుమ గాలిలో ఉంటే పైభాగం నొక్కుకుని, కిందిభాగం సాగి ఉంటుంది. పై నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింద నుంచి కోయాలి. పూర్తిగా పై నుంచే కోస్తే గాడి మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. ఒక చివర ఆనుకుని ఇంకో చివర గాలిలో వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది: ముందు కింద నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. వాలు మీద ఎప్పుడూ దుంగకు ఎగువన నిలబడాలి. దిగువన నిలబడితే కోసిన తునక మీదికే దొర్లుతుంది.

వేళ్లతో సహా లేచిన చెట్టు ఇంకో ప్రమాదం. మాను కోయగానే బరువు తగ్గి వేళ్ల చక్రం గుంతలోకి టపుక్కున తిరిగి లేచి కూర్చుంటుంది. ఆ గుంతలో మనిషి నిలబడకూడదు, నిలబడి ఫోటో దిగకూడదు.

బాట మీద 1.2 నుంచి 1.5 మీటర్ల వెడల్పు, తల పైకి 2 మీటర్ల ఎత్తు తెరిస్తే చాలు. రోడ్డు వేసినట్టు నరకొద్దు. వెలుతురు ఎక్కువ పడిన చోట లంటానా, వయ్యారిభామ దూకుతాయి. కోసిన తునకలను కుప్పలు పెట్టకండి, ఎండాకాలంలో అవి కట్టెల పొయ్యి అవుతాయి. మోకాలి ఎత్తు దాటకుండా వాలు మీద అడ్డంగా పరిచేయండి. మట్టిని పట్టుకుంటాయి, కుళ్లి ఎరువవుతాయి, పురుగూ పిట్టా బతుకుతాయి. బాట మొదలయ్యే చోటే ఒక పెద్ద దుంగను అడుగు ఎత్తులో అడ్డంగా అలాగే వదిలేయడమూ మంచిదే. నడిచే మనిషి దాటుతాడు, బైకు దాటదు. మన అడవి బాటల్లో లోతైన గాడులు సగం బైకు టైర్ల పుణ్యమే.

వేళ్లు లేచిన గుంత బాటలో పడితే అడుగున పిడికెడు నుంచి తలకాయంత రాళ్లు నింపి, పైన మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి ఒక్కో పొరనూ దిమ్మిస చేయండి. చివర చుట్టుపక్కల కంటే 5 నుంచి 8 సెంటీమీటర్లు ఎత్తు ఉంచాలి. ఒక వానాకాలంలో అది కుంగి సమమవుతుంది.

నీళ్లను దింపడం

ఇదే అసలు పని. మూడు పద్ధతులున్నాయి, సులువైనదానితో మొదలుపెడదాం.

మొదటిది బయటివాలు. బాట లోపలి అంచు కంటే బయటి అంచు కిందికి ఉండాలి. మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు. ఖాళీ నీళ్ల సీసా అడ్డంగా పెడితే నెమ్మదిగా బయటికి దొర్లాలి. బాట పాతబడే కొద్దీ నడుమ అరిగి, బయటి అంచున మట్టి గట్టులా పేరుకుంటుంది. నీళ్లను బాటలో బంధించేది ఆ గట్టే. 30 మీటర్లు ఆ గట్టు చెక్కేస్తేనే చాలా చోట్ల సగం రోగం నయమవుతుంది. చెక్కిన మట్టిని వాలు మీదికి తన్నేయకుండా తట్టలకెత్తండి, గాడి పూడ్చడానికి కావాలి.

రెండోది దింపు. కిందికి పోతున్న బాటను ఒక చోట కాస్త లోతు చేసి, ఆ తర్వాత రెండు మూడు మీటర్లు పైకి ఎక్కించి, మళ్లీ కిందికి పోనివ్వడం. నీళ్లు ఎక్కలేవు, పక్కకు దిగిపోతాయి. మొత్తం పొడవు 5, 6 మీటర్లు. లోతైన చోట బయటికి 10 నుంచి 15 శాతం వాలు, నీళ్లు పోయే నోరు కనీసం 1.2 మీటర్ల వెడల్పు. తవ్విన మట్టినే దిగువన మిట్టగా పోయాలి. దిమ్మిస అయ్యాక మిట్ట ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు రావాలంటే వదులుగా పోసేటప్పుడు 25 ఉండాలి. నడిచేవాడికి తెలియకుండా ఉంటేనే అది మంచి దింపు. కాలికి తగిలే మిట్టను జనం పక్క నుంచి దాటుతారు, పక్కన కొత్త బాట పుడుతుంది.

నోరు ఇరుకు చేయడమే ఎక్కువ మంది చేసే తప్పు. పార వెడల్పు కాలువ తీసి వదిలేస్తే మొదటి వానకే ఆకు, ఇసుక అడ్డం పడి మూసుకుపోతుంది. నోటి కింద అరమీటరు, మీటరు మేర రాళ్లు పరిచి, నీళ్లు వాటి మీద పడి చెదిరేటట్టు చూడాలి. ఆ నీళ్లు కింద తిరిగే ఇదే బాట మలుపు మీద పడకుండా చోటు ఎంచుకోవాలి.

మూడోది అడ్డు రాళ్ల వరస. బాట వాలు 12 శాతం దాటిన చోట మట్టి మిట్ట నిలవదు, రాయే కావాలి. బాట దిశకు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో, దిగువకు చూస్తూ వరస వేయండి. ఒక్కో రాయి మూడింట రెండు వంతులు నేలలో, 10 సెంటీమీటర్లు మాత్రమే పైన. వరస లోపలి వైపు గుట్టలోకి 30 సెంటీమీటర్లు దిగాలి, బయటి వైపు బాట దాటి 30 సెంటీమీటర్లు పోవాలి. సరిగ్గా అడ్డంగా 90 డిగ్రీలు వేస్తే నీళ్లు ఆగి ఇసుక దించి, నిండి, మీది నుంచి దూకుతాయి. మరీ ఏటవాలుగా వేస్తే వరస పక్కనే కోసుకుపోతాయి. దుంగతో వేయొచ్చు కదా అంటే, వెదురు, మెత్తటి కర్ర చెదలకు ఏడాది రెండేళ్లలో పోతాయి. చేవ ఉన్న టేకు కొంత కాలం ఆగుతుంది. రాయి దొరికే గుట్ట మీద కర్ర వాడడం రెండేళ్లకోసారి అదే పని చేయడానికి ఒప్పుకోవడమే.

ఎంత దూరానికొకటి? మొరం నేలలో వాలు 5 శాతమైతే 30, 40 మీటర్లకు, 10 శాతమైతే 15, 20 మీటర్లకు, 15 శాతమైతే 8, 10 మీటర్లకు. ఇసుకరాయి అరిగి వచ్చిన వదులు నేలలో ఈ దూరాలను సగం చేయండి. నల్లరేగడిలో మట్టి మిట్టలే వద్దు. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు బురదై కాళ్లకు అంటుకుని పోతుంది. అక్కడ దింపుల మీద 10 సెంటీమీటర్ల మొరం పరిచి కొట్టాలి.

కోత గాడిని నింపడం

మోకాలి లోతు గాడిలో నేరుగా మట్టి పోయడం డబ్బు నీళ్లపాలే. ఎగువన దింపు వేసి నీళ్లు ఆపాక, గాడిలో చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు వేసి, వచ్చే ఒండ్రుతో అదే నిండేటట్టు చేయాలి. ఉపాధి హామీ పనుల్లో ఒర్రెలకు వేసే రాతి కట్టల సంగతే ఇది, కాకపోతే కొలత చిన్నది.

దూరం లెక్క తేలిక: కింది కట్ట తల, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. కట్ట ఎత్తు 45 సెంటీమీటర్లు, గాడి వాలు 15 శాతం అయితే 45ను 0.15తో భాగిస్తే 300, అంటే 3 మీటర్లకొకటి. అడుగు 15 నుంచి 20 సెంటీమీటర్లు తవ్వి రాళ్లు దింపండి, రెండు గట్లలోకి 30 సెంటీమీటర్లు దూర్చండి. నడుమ భాగం అంచుల కంటే 15 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి. సమంగా కట్టిన కట్టను నీళ్లు ఏదో ఒక పక్క నుంచి తవ్వుకుని తప్పించుకుంటాయి, గాడి రెండింతలవుతుంది. దిగువన కట్ట ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, అంటే 70 సెంటీమీటర్ల మేర బల్లపరుపు రాళ్లు పరచాలి. అది లేకపోతే దూకే నీళ్లు కట్ట పాదం తవ్వి కూలుస్తాయి.

నడిచే బాటను ఈ రెండు మూడేళ్లూ గాడి పక్కన గట్టినేల మీదికి జరపండి.

రాతి మెట్లు

వాలు 25, 30 శాతం దాటితే మెట్లే గతి. ఉదాహరణకు 4 మీటర్ల దూరంలో 1.6 మీటర్లు ఎక్కే చోటు తీసుకుందాం. మెట్టు ఎత్తు 16 సెంటీమీటర్లు, అడుగు పెట్టే చోటు 40 సెంటీమీటర్లు పెట్టుకుంటే సరిగ్గా 10 మెట్లు. బాట 90 సెంటీమీటర్ల వెడల్పు అంటే మెట్టుకు రెండు రాళ్ల చొప్పున 20, పక్కల కాపు రాళ్లు (నడిచేవాళ్లు మెట్టు దిగి పక్కకు పోకుండా పాతేవి) 20 నుంచి 24, గుత్తి రాళ్లు (మెట్టు వెనక ఖాళీ నింపేవి) 25, 30 తట్టలు. రాయి 50 మీటర్లలోపు దొరికితే నలుగురు మనుషులు రోజుకు నాలుగైదు మెట్లు వేస్తారు. అంతకంటే జోరుగా వేశారంటే ఏదో తేడా ఉన్నట్టే.

రాయి ఎంపికలో తొందర వద్దు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 మందం ఉన్న గ్రానైటు రాయి 125 కిలోల పైమాటే. అంత బరువుంటేనే అది మనిషి కాలికి, పశువు గిట్టకు కదలదు. చేత్తో ఎత్తగలిగిన రాయి మెట్టుకు పనికిరాదు. మోకు చుట్టి రెండు వెదురు బొంగులు దూర్చి నలుగురు మోయాలి. రాయిని వాగు గర్భం నుంచి, బాట కింది అంచు నుంచి తీయొద్దు. లేపేటప్పుడు గడ్డపారతో మీ వైపుకు వంచండి, సందు అవతలి వైపు తెరుచుకుంటుంది. కింద ఉన్నది తేలయినా రక్తపింజరయినా అటే పోతుంది.

పని కింది మెట్టు నుంచి మొదలవుతుంది. మొదటి రాయి మందంలో సగానికి పైగా నేలలో కూర్చోవాలి, మొత్తం మెట్ల బరువు దానిదే. గుంత అడుగు గట్టిగా, రాయి అడుగు ఆకారంలో చెక్కాలి. రాయి దింపి నాలుగు మూలల మీద ఒక్కో కాలు వేసి తొక్కండి. టకటకమంటే కదులుతున్నట్టు. అప్పుడు అందరూ చేసే పని సందులో మట్టి కుక్కడం. మట్టి వానకు కారిపోతుంది, రాయి మళ్లీ ఊగుతుంది. పైకెత్తి, ఏ మూల తేలుతోందో ఆ కింద బిర్రుగా పట్టే రాయి ముక్క పెట్టి, వెనక నుంచి సుత్తెతో బిగించాలి. మళ్లీ తొక్కాలి. ఒక్కో రాయిని మూడు నాలుగు సార్లు ఎత్తి దింపక తప్పదు. చప్పుడు లేకుండా బండలా కూర్చున్నాకే రెండోది.

రెండో మెట్టు రాయి ముందు అంచు మొదటి రాయి వెనక భాగం మీదికి 8, 10 సెంటీమీటర్లు ఎక్కాలి. పై బరువు కింది రాయిని నొక్కిపెడుతుంది. పై ముఖం ముందుకు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు వాలి ఉంటే నీళ్లు నిలవవు, పాచి పట్టదు. వెనక ఖాళీని రాళ్లతో గుత్తి వేసి, చివర్లో మాత్రమే మొరం.

మెట్ల ఎత్తు అన్నీ ఒకటిగా ఉండాలి. 20 సెంటీమీటర్లు దాటితే చంకలో బిడ్డతో గుట్ట మీది గుడికి ఎక్కే తల్లి, మోకాళ్ల నొప్పుల పెద్దమనిషి మెట్టు వదిలి పక్క మట్టి మీదికి పోతారు. తప్పు వాళ్లది కాదు, మెట్టుది. రెండు పక్కలా కాలు పెట్టబుద్ధి కాని ఎగుడుదిగుడు కాపు రాళ్లు 60 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పున పాతితే మెట్ల మీదే నడుస్తారు. కాపు రాళ్లు లేని మెట్లకు పక్కన రెండేళ్లలో కొత్త గాడి ఖాయం.

అంచు జారిన చోట

బాట బయటి సగం జారిపోతే ముందు గుట్ట లోపలికి తవ్వి బాటను జరపగలరా చూడండి. తవ్విన గట్టినేల మీది బాట పోసిన మట్టి మీది బాట కంటే ఎప్పుడూ మేలు. బండ అడ్డం ఉండి జరపలేకపోతేనే సిమెంటు లేని రాతి కట్టు. మీటరు ఎత్తు దాటితే మేస్త్రీని పిలవాలి.

పునాది 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతు, అడుగు గుట్ట వైపుకు వాలి ఉండాలి. గోడ పాదం వెడల్పు గోడ ఎత్తులో సగం. గోడ ముఖం మీటరు ఎత్తుకు 25 సెంటీమీటర్లు లోపలికి వాలాలి. సందు మీద సందు రాకూడదు. వరసలో ప్రతి మీటరుకూ ఒక పొడుగు రాయి గోడ మందమంతా లోపలికి దూరాలి. వెనక 30 సెంటీమీటర్లు రాతి ముక్కలతోనే నింపాలి. వెనక మట్టి నింపిన గోడ వానకు నాని, కడుపొచ్చినట్టు ఉబ్బి, ఒకరోజు కూలుతుంది. పై వరసకు అన్నింటికంటే పెద్ద రాళ్లు. మిగిలిన చిల్లర రాళ్లతో పైన ముగించడం మన మేస్త్రీల పాత అలవాటు, ఒప్పుకోవద్దు.

ఒర్రె దాటే చోటు

తూము పైపులు వేయకండి. ఆకు, కొమ్మలు పడి మూసుకుపోయి నీళ్లు బాట ఎక్కుతాయి. ఒర్రె అడుగున రెండు మీటర్ల వెడల్పు బల్లపరుపు బండలు నేల మట్టానికి పరిచి నీళ్లను మీది నుంచే పోనివ్వండి. రెండు వైపులా బాట ఒర్రెలోకి దిగి ఎక్కాలి. అలా ఉంటే ఒర్రె పొంగినా బాట వెంట పారదు.

పక్కదారులు మూసి, పచ్చదనం తేవడం

చెట్టు పడిన రోజు నుంచి జనం చుట్టూ తిరిగి నడిచి రెండు మూడు బాటలు చేసి ఉంటారు. అసలు బాట నడవడానికి సుఖంగా అయ్యే దాకా వాటిని మూయొద్దు, మూసినా ఆగరు. తర్వాత పక్కదారి నేలను పికాసుతో 10 నుంచి 15 సెంటీమీటర్లు గుల్ల చేయండి. తొక్కి గట్టిపడిన నేలలో విత్తనం మొలవదు. వాలుకు అడ్డంగా కొమ్మలు పరచండి, మొదటి 5 మీటర్లు, చివరి 5 మీటర్లు దట్టంగా, కంటికి బాట లేనట్టు. ఈ కొమ్మల కోసం కొట్టేసిన లంటానా వాడొచ్చు, కాయలు లేనిది, బాగా ఎండినది మాత్రమే. పచ్చిది నేల తాకితే వేరు పోసుకుంటుంది.

బయటి నుంచి మట్టి, ఎరువు తేకండి. ట్రాక్టరు మట్టితో వయ్యారిభామ గింజలు వస్తాయి. సుబాబుల్, సర్కారు తుమ్మ ఎంత తొందరగా పెరిగినా వద్దు. అదే గుట్ట మీద ఉన్న బోద గడ్డి పిలకలను జులైలో 15, 20 సెంటీమీటర్ల ఎడంతో వాలుకు అడ్డంగా నాటండి. తడి ఉన్న గట్లలో 40 సెంటీమీటర్ల వావిలి కొమ్మలు మూడింట రెండు వంతులు నేలలోకి దిగేలా గుచ్చితే చాలావరకు చిగురిస్తాయి. తునికి, నల్లమద్ది, ఇప్ప మోళ్లు వాటంతట అవే పిలకలేస్తాయి, వాటిని పశువుల నుంచి కాపాడితే చాలు. మేకలు, ఆవులు ఎవరివో, ఎటు మేస్తాయో పక్క ఊరి వాళ్లనడిగి, పని మొదలయ్యే ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.

మొదటి మూడు వానలు

జూన్‌లో మొదటి మూడు గట్టి వానల తర్వాత ప్రతిసారీ నడవండి. దింపు నోట్లో ఇసుక నిండితే నోరు ఇరుకు, లేదా వాలు చాలలేదు. మిట్ట మీది నుంచి నీళ్లు దూకిన గుర్తు ఉంటే మిట్ట కుంగింది, 10 సెంటీమీటర్లు లేపండి. అడ్డు రాళ్ల వరస కింద గుంత పడితే కోణం ఎక్కువ ఏటవాలు అయింది. మెట్టు ముందు మట్టి లేచి రాయి అడుగు కనిపిస్తే పై నుంచి నీళ్లు ఇంకా దిగడం లేదు, మెట్టును కాదు, ఎగువ దింపును చూడాలి. నోళ్లలో పేరుకున్న ఆకు, ఇసుక ఏటా మే చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి తీయాలి. 500 మీటర్ల బాటకు ఇద్దరికి ఒక పూట పడుతుంది. తీసిన ఇసుకను దింపు మిట్ట మీదే వేసి కొట్టండి.